బిడ్డ ఎమర్జెన్సీ మెడిసిన్ చదువుతానంటున్నది, పంపమంటారా?

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్కారం. మాది కల్వకుర్తి. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుకుంటున్న. మా పెద్దబిడ్డ మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ పూర్తి చేసి ఇప్పుడు ఒక ప్రైవేటు దవాఖానలో డ్యూటీ డాక్టరుగా చేస్తున్నది. నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకు గైనిక్, జనరల్ మెడిసిన్ దొరకవంటున్నరు. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ గానీ డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే, ఎండీతో సమానమైన డిగ్రీ) గానీ రావచ్చట. ఆమెకూ అదే ఇష్టం. ఇంకోపక్క హైదరాబాదులో ఒక కార్పొరేట్ దవాఖాన వాళ్లు ర్యాంకుతో పనిలేకుండా మూడేండ్ల కోర్సు చెప్తం, స్టైపెండ్ కూడా ఇస్తం అంటున్నరు. మేమేమో ఇంకో ఏడాది చదివించి గైనిక్ చేయించి, ఊర్లో నర్సింగ్ హోమ్ పెట్టిద్దామనుకున్నం. క్యాజువాల్టీ డాక్టరుకు సొంత పేషెంట్లుండరు, పేరుండదు, రాత్రి డ్యూటీలు, కొట్లాటలు, పోలీసు కేసులు అని మా బామ్మర్ది అంటున్నడు. పెండ్లి కూడా చెయ్యాలె. అసలు ఇది స్పెషాలిటీయేనా? పంపమంటారా, ఆపమంటారా? – ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు:

అన్నా, పంపండి. ఎండీ వచ్చినా డీఎన్‌బీ వచ్చినా పంపండి. ఆ కార్పొరేట్ కోర్సుకు మాత్రం ఇప్పుడే ఒప్పుకోవద్దు, దాని సంగతి కింద రాస్తాను. నేనూ మీ పక్క నల్లగొండ బిడ్డనే, ఈ పనిలోనే ఉన్నాను. మీ బామ్మర్ది చెప్పినవాటిలో నిజాలున్నాయి, వాటినీ దాచను.

ఇది స్పెషాలిటీయే. అమెరికాలో 1970లో సిన్సినాటి యూనివర్సిటీలో మొదటి శిక్షణ మొదలైంది, 1979లో ప్రత్యేక విభాగంగా గుర్తింపు వచ్చింది. మన దేశంలో భారత వైద్య మండలి 2009లో గుర్తించింది. అంటే మనకింకా కొత్తదే, మీకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. అంతకుముందు క్యాజువాల్టీ అంటే అప్పుడే చదువు ముగించిన ఎంబీబీఎస్ డాక్టరు ఒకరు కూర్చుని, వచ్చినవాళ్లను చూసి, ఎముకైతే ఆర్థోకు, గుండైతే ఫిజీషియన్‌కు కబురు పెట్టే గది. చాలా దవాఖానల్లో ఇప్పటికీ అంతే. మీ బిడ్డ ఇప్పుడు చేస్తున్నదీ దాదాపు ఆ పనే. మీ బామ్మర్ది మనసులో ఉన్న బొమ్మ కూడా అదే. మూడేండ్ల చదువు తర్వాత ఆమె చేయబోయే పని వేరు.

మిగతా డాక్టర్లు రోగమేమిటో తేల్చుకుని వైద్యం మొదలుపెడతారు. ఇక్కడ ఆ వరుస తిరగబడుతుంది. ఊపిరి దారి తెరిచి ఉందా, గాలి ఆడుతున్నదా, నెత్తురు తిరుగుతున్నదా, స్పృహ ఉందా అని చూసి, ఏది తప్పితే దాన్ని ముందు నిలబెడతారు. రోగం పేరు ఆ తర్వాత. మన ప్రాంతం సంగతే చెప్తాను, మీకు బాగా అర్థమవుతుంది.

వానాకాలం తెల్లవారుజామున ఒక కూలీ మనిషిని తీసుకొస్తారు. రాత్రి కింద చాప మీద పడుకున్నాడు. కడుపునొప్పి అంటాడు, గుటక మింగుడు పడటం లేదంటాడు. ఒంటి మీద ఎక్కడా కాటు కనిపించదు. గ్యాస్ అనుకుని ఒక ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపడానికి అన్నీ అనుకూలంగా ఉంటాయి. ఎమర్జెన్సీ డాక్టరు అతని కనురెప్పలు చూస్తుంది. సగం వాలి ఉంటాయి. దిండు మీది నుంచి తల ఎత్తమంటుంది, ఎత్తలేడు. ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలడో చూస్తుంది, పది దాటేలోపే ఆగిపోతాడు. ఇది కట్లపాము. దాని కోరలు సన్నం, కాటు నొప్పి పెట్టదు, నిద్రలో ఉన్న మనిషికి తెలియను కూడా తెలియదు. కాసేపట్లో ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోతాయి.

ఇక్కడ పాము మందు ఒక్కటే సరిపోదు. మనకు దొరికే పాము మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి కలిపి చేసింది. సాధారణంగా ఎనిమిది నుంచి పది వయల్స్‌తో మొదలుపెడతారు. పిల్లలకైనా అంతే ఇస్తారు, పిల్లాడు చిన్నవాడని పాము తక్కువ విషం వదలదు కదా. కానీ ఆ మందు ఇంకా నెత్తురులో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. కట్లపాము విషం అప్పటికే దెబ్బతీసిన నరాల కొసలను బాగుచెయ్యలేదు. అవి తమంతట తాము కోలుకోవాలి, దానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ అతని బదులు ఎవరో ఊపిరి పోయాలి. గొంతులో సరైన చోట గొట్టం వేసి, వెంటిలేటర్ దొరికేదాకా చేత్తో బ్యాగు నొక్కుతూ నిలబెట్టాలి. ఆ దశలో అతను కన్ను తెరవడు, వేలు కదపడు, కంటిపాప వెలుతురుకు కదలకపోవచ్చు. చూసినవాళ్లు పోయాడనుకుంటారు. లోపల మనిషి మన మాటలు వింటూనే ఉండవచ్చు. ఇలా వచ్చినవాళ్లు వారం తర్వాత లేచి నడిచి ఇంటికి పోతారు, మొదటి గంటలో ఎవరో గుర్తుపట్టి గొట్టం వేస్తేనే.

అదే రక్తపింజర అయితే పని ఇంకో తీరు. రెండు మిల్లీలీటర్ల నెత్తురు శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టలేదంటే విషం పనిచేస్తున్నట్టే. పెద్ద ల్యాబు అక్కర్లేని పరీక్ష ఇది. పాము మందు కొందరి ఒంటికి పడదు. దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది. అప్పుడు తొడ కండకు అడ్రినలిన్ ఇవ్వాలి. ఆ రియాక్షన్‌కు జంకి, మందు చేతిలో ఉండి కూడా ఇవ్వకుండా పైదవాఖానకు రాసి పంపేవాళ్లున్నారు. ఆ జంకు పోగొట్టేదే ఈ చదువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. నల్లమల అంచున ఉండే మనకు ఆ నిర్లక్ష్యం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పురుగు ముట్టిందనగానే మంత్రగాడి దగ్గరికి, పసరు మందుకు పోయి, చేతులెత్తేశాక వచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం.

మీది పురుగుమందుల దుకాణం కనుక రెండోది కూడా రాస్తాను. మందు తాగిన మనిషిని తెచ్చినప్పుడు డాక్టరుకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఏ మందన్నది. ఆర్గానోఫాస్ఫేట్ జాతిదైతే కంటిపాపలు చుక్కలంత అవుతాయి, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల నిండా నీరు. దానికి విరుగుడైన అట్రోపిన్ ఇస్తూ, ఐదైదు నిమిషాలకు డోసు రెట్టింపు చేస్తూ, ఛాతీలో గురగుర తగ్గేదాకా మంచం పక్క నుంచి కదలకూడదు. ఫైలు మీద ఆర్డరు రాసేసి పోతే కుదరదు. గడ్డిమందుల్లో పారాక్వాట్ అయితే విరుగుడే లేదు. పైగా దాంట్లో ఆక్సిజన్ అవసరానికి మించి పెడితే ఊపిరితిత్తులు ఇంకా చెడతాయి. ఊపిరాడని మనిషిని చూడగానే ఎవరి చెయ్యైనా ఆక్సిజన్ వైపే పోతుంది, ఆ చేతిని ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు ఉండాలి. అందుకని మీ దుకాణానికి వచ్చే రైతులకు ఒక్కమాట చెప్పండి అన్నా: ఎవరింట్లోనైనా అలాంటిది జరిగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించడానికి ప్రయత్నించొద్దు, 108కు ఫోన్ చేయండి, ఖాళీ డబ్బా గానీ దాని లేబుల్ ఫోటో గానీ వెంట తేండి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టి ఆలస్యం చేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. అప్పుల బాధతో మనసు చెడినవాళ్లు మీ కౌంటరు దగ్గరికే వస్తారు. వాళ్లకు 14416 నంబరు ఇవ్వండి. మనసు బాధలకు సర్కారు నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది, డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఎవరి మీదైనా అనుమానం వస్తే ఆరోజు డబ్బా అమ్మకండి, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయండి.

ఇక రోడ్లు. ఒకపక్క బెంగళూరు హైవే, ఒకపక్క విజయవాడ హైవే, నడుమ శ్రీశైలం దారి. పత్తి ఏరడానికి పోయే కూలీల ఆటో బోల్తాపడితే పదిమంది ఒక్కసారే వస్తారు. ఎక్కువ అరిచే మనిషి చుట్టే అందరూ మూగుతారు. అరవగలుగుతున్నాడంటే అతని ఊపిరి దారి బాగానే ఉన్నట్టు. మూలన సప్పుడు చేయకుండా, చెమటలు పట్టి, తెల్లబడి కూర్చున్నామెకు కడుపులో నెత్తురు కారుతుండవచ్చు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు అని మనుషులను విడదీసి ఎవరిని ముందు ముట్టుకోవాలో నిమిషాల్లో తేల్చాలి. మంచం పక్కనే చేతి అల్ట్రాసౌండ్ పెట్టి లోపల నెత్తురుందో లేదో చూసుకోవాలి.

1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు తన చిన్న విమానం నడుపుతూ పొలంలో కూలిపోయాడు. భార్య అక్కడికక్కడే పోయింది. పిల్లలకు తీవ్ర గాయాలు. దగ్గర్లోని చిన్న ఊరి దవాఖానకు చేరితే, అక్కడివాళ్లకు అలాంటి గాయాలను ఏ వరుసలో చూడాలో తెలియలేదు. కోలుకున్నాక ఆయన ఊరుకోలేదు, తోటివాళ్లతో కలిసి ఊరి డాక్టర్ల కోసం ఒక శిక్షణ తయారుచేశాడు. 1978లో మొదలైన ఆ కోర్సు పేరు ఏటీఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్). ఇవాళ ప్రపంచమంతా గాయాలను చూసే వరుస అదే. మీ బిడ్డ కూడా నేర్చుకుంటుంది. అది పుట్టింది పట్నం దవాఖానల కోసం కాదు, మన కల్వకుర్తి, దేవరకొండ, అచ్చంపేటలాంటి చోట్ల కోసం.

నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. మన దగ్గర సీరియస్ కేసు వస్తే 'హైదరాబాద్ తీసుకపోండి' అన్న మాటే వైద్యమైపోయింది. కల్వకుర్తి నుంచి హైదరాబాద్ దాదాపు 80 కిలోమీటర్లు. ఛాతీలో గాలి నిండి ఊపిరితిత్తి నలిగిపోతున్న మనిషిని అలాగే అంబులెన్సు ఎక్కిస్తే ఆమనగల్లు కూడా దాటకపోవచ్చు. బయలుదేరే ముందు పక్కటెముకల నడుమ గొట్టం వేసి ఆ గాలి తీసేస్తే నిమ్స్ దాకా పోతాడు. నెత్తురు పోతున్నవాళ్లకు మూడు గంటల లోపు ట్రనెక్సామిక్ యాసిడ్ ఇవ్వాలి, చవకైన మందే అది. గుండెపోటు అనుమానమైతే వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. స్టెంటు వేసే చోటికి రెండు గంటల్లో చేర్చలేమనుకుంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అరగంటలో ఇక్కడే పడాలి. పక్షవాతానికి అలాంటి మందు నాలుగున్నర గంటల దాకానే, అదీ సీటీ తీశాకే. పంపాల్సిన కేసు పంపాల్సిందే. పంపేముందు ఏం చేయాలో తెలిసి, చేసి, అవతలి దవాఖానకు ఫోన్ చేసి చెప్పి పంపే డాక్టరు మన జిల్లాల్లో కరువు. మీ బిడ్డ ఆ కరువు తీర్చే చదువు అడుగుతున్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పటి నుంచి బండి ఇంటి ముందుకు వస్తున్నది. ఆ బండి ఆగే చోట తెలిసినవాళ్లుండటం ఇంకా మిగిలిన పని.

మీ బామ్మర్ది మాటలకు వస్తాను. సొంత పేషెంట్లుండరన్నది నిజం. కాన్పు చేసిన డాక్టరమ్మను ఊరు ఇరవై ఏండ్లు గుర్తుపెట్టుకుంటుంది. స్పృహ లేనప్పుడు గొట్టం వేసినామె పేరు ఆ మనిషికే తెలియదు. పేరు కోసం చూసే మనసైతే ఈ పని కష్టమే. మీ బిడ్డ మనసెలాంటిదో మీకే తెలుసు. ఒక్క ఎమర్జెన్సీ డిగ్రీతో ఊర్లో సొంత నర్సింగ్ హోమ్ పెట్టడం కూడా అయ్యేపని కాదు. వెనక సర్జన్, మత్తు డాక్టరు, బ్లడ్ బ్యాంకు లేకుండా ఎమర్జెన్సీ నడవదు. కాబట్టి ఆమె ఎప్పుడూ ఒక దవాఖానకు కట్టుబడి ఉద్యోగం చేయాల్సిందే. రాత్రి డ్యూటీలూ నిజమే, నలభై దాటాక అవి ఒంటికి బరువే. అయితే షిఫ్టు అయిపోయిందంటే అయిపోయినట్టే. గైనిక్ డాక్టరుకు ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఫోనొస్తుంది, మాకు ఆ బాధ తక్కువ. వయసు మీద పడ్డాక క్రిటికల్ కేర్‌లో సూపర్ స్పెషాలిటీ చేసి ఐసీయూ వైపు పోవచ్చు, కాలేజీల్లో చదువు చెప్పవచ్చు.

పోలీసు కేసులంటే ఎమ్మెల్సీలు, అంటే మెడికో లీగల్ కేసుల కాగితాలు. రాయడం రోజువారీ పని, అప్పుడప్పుడు సమన్లు వస్తే కోర్టుకు పోయి రాసింది రాసినట్టు చెప్పి రావాలి. గాయం కొలతతో సహా శుభ్రంగా రాసుకున్నవాళ్లకు కోర్టు భయం ఉండదు. కాగితాలు తర్వాత, ప్రాణం ముందు అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కొట్లాటల మాట తీసిపారేసేది కాదు. డాక్టర్ల మీద, దవాఖానల మీద దాడులకు మూడేండ్ల దాకా జైలు వేయించే చట్టం 2008 నుంచి మనకుంది. కానీ చట్టం దెబ్బ తగిలిన తర్వాత వస్తుంది. ముందే కాపాడేవి తలుపు దగ్గర సెక్యూరిటీ, లోపల సరిపడా మనుషులు, ఇంటివాళ్లకు పది నిమిషాలకోసారి ఏం జరుగుతున్నదో చెప్పే అలవాటు. ఏ దవాఖానలో చేరేముందైనా ఈ మూడూ ఉన్నాయా అని అడగమనండి. ఆడపిల్లకు రాత్రి పడుకోవడానికి లోపల గడియ ఉన్న గది ఉందా అని కూడా అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదది.

ఇప్పుడు ఆ కార్పొరేట్ కోర్సు. అక్కడ పని బాగా నేర్పరని నేను అనడం లేదు. కొన్ని చోట్ల చాలా బాగా నేర్పుతారు. కానీ నీట్ పీజీ కౌన్సెలింగ్ ద్వారా వచ్చే ఎండీ, డీఎన్‌బీలకు జాతీయ వైద్య కమిషన్ గుర్తింపు ఉంది. దవాఖానలు సొంతంగా ఇచ్చే ఫెలోషిప్పులు, విదేశీ యూనివర్సిటీ పేరుతో నడిచే ఎంఈఎం (మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్) లాంటివి మన దగ్గర పీజీ కింద లెక్కకు రావు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో అదనపు డిగ్రీగా నమోదు కావు. మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేదు, క్రిటికల్ కేర్ సూపర్ స్పెషాలిటీకి అర్హత రాదు. బ్రిటన్ వాళ్ల ఎమ్మార్సీఈఎం పరీక్ష అక్కడి ఉద్యోగానికి పనికొస్తుంది, ఇక్కడ దాన్ని ఎండీకి సమానంగా చూడరు. మూడేండ్లు రాత్రింబవళ్లు కష్టపడి, చివరికి కాగితం మీద ఎంబీబీఎస్‌గానే మిగిలిపోవడం చాలా బాధగా ఉంటుంది. అలా మిగిలినవాళ్లు నాకు తెలుసు, పనిలో వాళ్లు ఎవరికీ తీసిపోరు. మీ బిడ్డకు ఎండీ వచ్చే ర్యాంకు చేతిలో ఉండగా ఆ దారి ఎందుకు?

ఎండీ, డీఎన్‌బీ సీట్లన్నీ కూడా ఒక్క తీరుగా ఉండవు. కాలేజీ పేరు కన్నా, అక్కడ రెండో ఏడాది చదువుతున్న పిల్లలతో ఒక పూట మాట్లాడమనండి. రాత్రి రెండింటికి సీరియస్ కేసు వస్తే పక్కన సీనియర్ ఉంటాడా, ఫోన్లోనే ఉంటాడా? గొట్టాలు వీళ్లే వేస్తారా, మత్తు డాక్టరు వచ్చేదాకా చేతులు కట్టుకుని ఉంటారా? అల్ట్రాసౌండ్ మిషన్ వార్డులో ఉందా, బీరువాలో ఉందా? ఆపరేషన్ థియేటర్‌కు, ఐసీయూకు, పిల్లల వార్డుకు పంపి నేర్పిస్తారా, లేక మూడేండ్లూ అడ్మిషన్ కాగితాలే రాయిస్తారా? పాము, పురుగుమందు కేసులు బాగా వచ్చే చోటు ఆమెకు మంచిది, తళతళలాడే బిల్డింగ్ కన్నా. సర్కారు పెద్దదవాఖానల్లో చెయ్యి తిరిగినంతగా ఇంకెక్కడా తిరగదని నా నమ్మకం.

తిరిగి మన వైపు వస్తుందా అని మీ మనసులో ఉండే ఉంటుంది. మునుపు పాలమూరులో, నల్లగొండలో సర్కారు మెడికల్ కాలేజీ అనేదే లేదు. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఇన్ని కాలేజీ దవాఖానల్లో ఎమర్జెన్సీ నడపడానికి చదువుకున్నవాళ్లు కావాలి. నాగర్‌కర్నూల్ మీ ఊరి పక్కనే.

ఇంకో ఏడాది కూర్చోబెట్టి గైనిక్ చదివిద్దామన్న ఆలోచన తప్పని అనను. కానీ ఆమెకు ఇష్టం లేని చదువు కోసం ఆ ఏడాది పోగొట్టొద్దు. ఆ ఏడాది ర్యాంకు పెరుగుతుందన్న భరోసా కూడా ఎవరూ ఇవ్వలేరు. పెండ్లి మాటకొస్తే, వచ్చే సంబంధం వాళ్లకు నెలకు ఇన్ని రాత్రులు డ్యూటీ ఉంటుందని, పండుగపూట ఇంట్లో ఉండకపోవచ్చని మొదటి రోజే చెప్పేయండి. విని కూడా సరే అన్నవాళ్లతోనే ముందుకు పోండి. చదువు మధ్యలో పెండ్లి చేయాల్సి వస్తే మొదటి ఏడాది మాత్రం వద్దు, ఆ ఏడాది మనిషికి నిద్రే ఉండదు.

కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున లాగిన్ వివరాలు ఆమె దగ్గరే ఉండనివ్వండి. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నది ఆమెనే పెట్టుకోమనండి. ఫ్రీజ్ చేసేముందు మీరు ఒక్కటే చూడండి, ఆ జాబితాలో ఉన్న ప్రతి సీటూ ఎండీ గానీ డీఎన్‌బీ గానీ అయి ఉండాలి.